జ్వరం రాని ఏడుగురు

ఆదివారం పొద్దున కొత్తపేట రైతుబజారులో బీరకాయలు ఏరుకుంటుండగా గంట లోపల యాదలక్ష్మికి నాలుగు ఫోన్లు వచ్చాయి. నాలుగూ మెచ్చుకోళ్ళే. మొదటిదానికి నవ్వింది. రెండోదానికి పొంగిపోయింది. మూడోదానికి బీరకాయ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నాలుగోదానికి భయం పట్టుకుంది.

మెచ్చుకుంటే భయమెందుకంటారా? చెబుతాను. యాదలక్ష్మి ఏఎన్ఎం. అంటే కర్మన్‌ఘాట్ చుట్టుపక్కల కాలనీల్లో పసిపిల్లలకూ గర్భిణులకూ సర్కారు టీకాలు వేసే నర్సమ్మ. బుధవారం, శనివారం సూదులు వేసే రోజులు. మిగతావి ఆ సూదులకు రమ్మని మెట్లెక్కి బతిమాలే రోజులు. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. ఆమె చేత సూది పొడిపించుకుని గుక్కపట్టిన పిల్లలు కొందరు ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో సంచులు తగిలించుకుని కోచింగులకు తిరుగుతున్నారు.

నెలన్నర నిండిన పిల్లలకు నెలకొకసారి చొప్పున మూడుసార్లు వేసే టీకా ఒకటుంది. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, ఇలా ఐదు జబ్బులకు ఒకటే సూది. అది వేసిన సాయంత్రం చాలామంది పిల్లలకు ఒళ్ళు కాలుతుంది. తల్లులు హడలిపోతారు. రెండో డోసుకు రమ్మంటే మొహం చాటేస్తారు. అందుకని యాదలక్ష్మి ప్రతి తల్లికీ ఒక మాట చెప్పి పంపేది. "జ్వరం ఒస్తే పరేషాన్ గావొద్దమ్మా. సూది మంచిగ పనిచేస్తున్నదన్నట్టు." ఈ మాట తనకెవరు నేర్పారో ఆమెకే గుర్తులేదు. చెప్పి చెప్పి చివరికి తనే నమ్మేసింది.

శనివారం ఆ టీకా ఏడుగురు పిల్లలకు వేసింది. ఆదివారం పొద్దునకల్లా నలుగురి ఇళ్ళ నుంచి ఫోన్లు. నలుగురిదీ ఒకటే మాట. పిల్లలకు జ్వరం రాలేదు, హాయిగా పడుకున్నారు, నీ చెయ్యి చల్లనిదమ్మా అని.

నాలుగో ఫోను హనుమాయమ్మది. తెనాలి వైపు మనిషి. కొడుకు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతాడు. ఆ ఇంట్లో లెక్కలు కొడుకువి, ఆజ్ఞలు తల్లివి. పెద్ద మనవడు చంటికి ఏడాదిన్నర వయసులో టీకా వేయించిన సాయంత్రం జ్వరం పెరిగి ఫిట్స్ వచ్చాయి. పిల్లవాడి కళ్ళు తేలిపోవడం హనుమాయమ్మ తన ఒళ్ళోనే చూసింది. చంటికి ఇప్పుడు నాలుగేళ్ళు, గోడలెక్కుతున్నాడు, ఏ లోపమూ లేదు. కానీ ఆ సాయంత్రం ఆవిడ కళ్ళ ముందు నుంచి పోలేదు. చిన్న మనవరాలు హన్వికకు మూడున్నర నెలలు వచ్చేదాకా నెలన్నర టీకా పడలేదంటే కారణం అదే. కోడలు మృదుల ఏమైనా అనబోతే, "నువ్వు చూడలేదే, నేను చూశాను" అని ఒక్క మాటతో నోరు మూయించేది.

యాదలక్ష్మి ఆ ఇంటికి ఆరుసార్లు వెళ్ళింది. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఆరుసార్లూ మజ్జిగ ఇచ్చారు, పిల్లను ఇవ్వలేదు. ఏడోసారి యాదలక్ష్మి మజ్జిగ గ్లాసు ముట్టకుండా చెప్పింది. "పెద్దమ్మా, నీ మనవరాలికి నాది పూచీ. ఏమన్నయితే ఈ గడప ముందు ఒచ్చి కూసుంట." ఏ దేవుడు కరుణించాడో, ఆవిడ మెత్తబడింది.

అటువంటి హనుమాయమ్మ ఇప్పుడు ఫోనులో గలగలా మాట్లాడుతోంది. "ఏవమ్మా యాదలక్ష్మీ, నీ చేతికి దణ్ణం పెట్టాలి. రాత్రంతా పిల్ల తలగడ దగ్గరే కూర్చున్నాను. ఒళ్ళు చల్లగా ఉంది. అసలు సూది వేసినట్టే లేదనుకో. మంచి హస్తవాసి నీది. కాలనీలో అందరికీ చెప్పాను. బుధవారం ఇంకో నలుగుర్ని వెంటబెట్టుకొస్తాను చూడు."

అసలు సూది వేసినట్టే లేదు. ఆ మాటే యాదలక్ష్మి గుండెలో దిగబడింది.

బీరకాయలు అక్కడే వదిలేసింది. మీర్‌పేట్‌లోని ఇంటికి వచ్చి, మిగిలిన ముగ్గురి తల్లులకూ తనే ఫోన్ చేసింది. సూది వేసిన చోట వాపు ఉందా అని అడుగుతున్నట్టు అడిగి, జ్వరం సంగతి లాగింది. లేదు మేడం. లేదక్కా. అస్సలు లేదు సిస్టర్. ఏడుకు ఏడు. తన ఇరవై రెండేళ్ళలో ఒక పూట వేసిన పిల్లల్లో ఒక్కరికీ ఒళ్ళు వెచ్చబడకపోవడం ఆమె ఎరగదు.

ఆ మధ్యాహ్నం ఆమె చేసిన పని తలచుకుంటే పాపం అనిపిస్తుంది. దేవుడి పటం ముందు నిలబడి, ఏడుగురిలో ఒక్కరికైనా, ఒక్క పూటైనా జ్వరం రావాలని మొక్కుకుంది. మొక్కుకున్నాక భయమేసి లెంపలు వేసుకుంది. భర్త బ్రహ్మం అన్నం ముందు కూర్చుని ఇదంతా చూశాడు. "జ్వరం ఒస్తే ఏడ్సినోళ్ళను జూసిన గని, రాకుంటే ఏడ్సేదాన్ని నిన్నే జూస్తున్న" అన్నాడు. ఆమె నవ్వలేదు. అన్నం కలిపి కలిపి పక్కన పెట్టింది.

శనివారం ఏం జరిగిందో మొదటి నుంచీ మళ్ళీ నెమరేసుకుంది. పొద్దున ఎల్‌బీనగర్‌లో మీటింగు. పదింటికి మొదలుపెట్టాల్సిన టీకాలు ఆలస్యం. శనివారం కదా, కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి గుడికి వచ్చే జనంతో రోడ్డంతా కిక్కిరిసి ఉంది. ఆటో కదల్లేదు. కమ్యూనిటీ హాలుకు చేరేసరికి పదకొండున్నర. ఎండకు మాడిపోయిన తల్లులు ఆమెను చూసిన చూపులు ఎండకంటే ఘాటుగా ఉన్నాయి. హాల్లో ఆశా కార్యకర్త అండాలమ్మ టీకాల నీలం డబ్బా పక్కన కూర్చుని కాపలా కాస్తోంది. పొద్దున ఎనిమిదింటికే దవాఖాన నుంచి ఆ డబ్బా తెచ్చేది ఆమే.

ఆ డబ్బా గోడల వెంట నాలుగు ఐస్ ప్యాకులు ఉంటాయి, నడుమ మందు సీసాలు. ఫ్రీజర్లోంచి తీసిన ఐస్ ప్యాకును నేరుగా డబ్బాలో పెట్టకూడదు. కాసేపు బయట ఉంచాలి. దానికి చెమట పట్టాలి, ఊపితే లోపల నీళ్ళు కదిలిన చప్పుడు రావాలి. అప్పుడే పెట్టాలి. యాదలక్ష్మి డబ్బా తెరవగానే ఒక ప్యాకును చెవి దగ్గర పెట్టుకుని ఊపి వినడం ఇన్నేళ్ళ అలవాటు. శనివారం వినలేదు. ఆలస్యమైందని, ఆడవాళ్ళు సణుగుతున్నారని, వినలేదు. పైగా సీసా తీస్తుండగా వేలు ప్యాకుకు తగిలి జిగురు పూసినట్టు అతుక్కుంది. పొడిగా, రాయిలా ఉంది. ఆ సంగతి వేలికి తెలిసింది. తలకు ఎక్కలేదు.

ఇప్పుడెక్కింది. ఆ రాత్రి ఆమెకు సరిగా నిద్ర పట్టలేదు.

సోమవారం డ్యూటీకి వెళ్ళకముందే అండాలమ్మ ఇంటికి వెళ్ళింది. అండాలమ్మ వాళ్ళది పోచంపల్లి దగ్గర మగ్గాల ఊరు. యాదలక్ష్మి కంటే ఆరేళ్ళు పెద్దది. ఏ ఇంట్లో ఎవరు నీళ్ళోసుకున్నారో, ఎవరికి ఎన్నో నెలో ఆమెకు తెలిసినట్టు ఆ ఇంటి మగవాళ్ళకు కూడా తెలియదు. యాదలక్ష్మిని చూడగానే ఆమె చేతిలోని చీపురు ఆగింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అడగకముందే అంది. "డబ్బా గురించేనా మేడం?"

"అండాలక్కా, శనివారం డబ్బా ఎవలన్న తెరిసిన్రా?"

అండాలమ్మ చీపురు గోడకు ఆనించి, మెల్లగా కూర్చుంది. "నేనే తెరిసిన."

సంగతి ఇది. పోయిన వేసవిలో ఎండకు డబ్బా వేడెక్కి మందు పాడైంది. వేడి తగిలితే రంగు మారేలా సీసా మీద అంటించిన గుర్తు నల్లబడింది. దవాఖానలో అందరి ముందూ ఇద్దరికీ అక్షింతలు పడ్డాయి. అండాలమ్మ ఆ రోజు వంటగదిలో కూర్చుని ఏడ్చింది. అప్పటినుంచి ఆమెకు ఎండంటే పాము. శనివారం మేడం ఆలస్యమవుతుందని తెలిశాక డబ్బాను హాల్లో పెట్టుకుని కూర్చోలేకపోయింది. పక్క వీధిలోని తన ఇంటికి తెచ్చుకుంది. మూత తీసి చూస్తే ఐస్ ప్యాకులకు చెమటలు.

"కరిగిపోతున్నయనుకున్న మేడం. నా ఫ్రిజ్‌ల కరోనప్పటి పాత ప్యాకులు నాలుగున్నయి. రాత్రి నుంచి గడ్డగట్టి ఉన్నయి. అవి పెట్టిన. మందుకు సల్లగ ఉండాలె కదా అని."

"అంతేనా?"

అండాలమ్మ కొంగు వేలికి చుట్టుకుంది. "హాలుకు పోయినంక తీసి జూస్తే సీసాల మందు గడ్డగట్టింది. భయమైంది. సీసాలు అరచేతుల పెట్టుకొని, కొంగుల జుట్టి కరగబెట్టిన. మళ్ళ నీళ్ళయినయి. మంచిగనే ఉండె. గడ్డగట్టింది కరిగితే ఏం పాడయితది అనుకున్న. ఐసు కరిగి నీళ్ళయితే తాగుతం గదా."

యాదలక్ష్మికి కోపం రావాలి. రాలేదు. ఈ మందుకు వేడి ఎంత శత్రువో గడ్డకట్టడం అంతకంటే పెద్ద శత్రువని అండాలమ్మకు సరిగ్గా చెప్పింది ఎవరు? ఎండ గురించి తిట్టినవాళ్ళు చాలామంది. చలి గురించి మీటింగులో ఒక్కసారి ఒక బొమ్మ చూపించి తిప్పేశారు. అతి జాగ్రత్త కూడా ఒక్కోసారి కొంప ముంచుతుంది.

"నేను పిల్లలకు ఏం జేసిన మేడం?" అంది అండాలమ్మ.

"నువ్వు కాదు. ఒక్కసారి ప్యాకు ఊపి ఇననిది నేను."

శనివారం పది డోసుల సీసాలో ఏడు వాడగా మూడు మిగిలాయి. ఆ సీసా దవాఖాన ఫ్రిజ్‌లో ఉంది. డాక్టరమ్మ ఉదయలక్ష్మి ఇంకా చిన్నది, కానీ కంగారు పడే మనిషి కాదు. ఇద్దరూ వెళ్ళి చెప్పిన సంగతంతా విని, ఒక మంచి సీసానూ, కావాలని గడ్డకట్టించి కరిగించిన సీసానూ, శనివారం సీసానూ ఊపి బల్ల మీద వరుసగా పెట్టించింది. ముగ్గురూ కదలకుండా చూశారు. మంచి సీసాలో మందు పల్చటి పాలలా అలాగే నిలిచింది. మిగతా రెండింటిలో తెల్లటి పలుకులు మెల్లమెల్లగా అడుక్కు దిగాయి. అండాలమ్మ మొహం తిప్పుకుంది.

"జ్వరం రాకపోవడం దీనికి రుజువు కాదు సిస్టర్" అంది డాక్టరమ్మ. "మంచి టీకా వేసినా కొందరికి రాదు. మీరు తల్లులకు చెప్పే ఆ మాట తప్పు. కానీ ఆ తప్పు మాటే మిమ్మల్ని ఈ సీసా దాకా తెచ్చింది. ఇది మాత్రం రుజువే. ఆ రోజు డబ్బాలో ఉన్న సూదిమందులేవీ లెక్కలోకి రావు. అందరికీ మళ్ళీ వేయాలి. వేసిన చోట గడ్డలేమైనా కడుతున్నాయేమో రోజూ చూడండి."

"మెమో ఒస్తదా మేడం?"

"వస్తుంది. నాకు కూడా. రాసి పంపక తప్పదు."

మెమో వస్తే వచ్చింది, యాదలక్ష్మి బాధ అది కాదు. ఏడుగురు పసివాళ్ళు కార్డు మీద టిక్కులతో, ఒంట్లో ఏ రక్షణా లేకుండా ఇళ్ళల్లో ఉన్నారు. తల్లులు నిశ్చింతగా ఉన్నారు. అదే భయంకరం. పక్క బస్తీలో ఎవరికి కోరింత దగ్గు వచ్చినా ముందు పట్టేది ఇలాంటి పిల్లలనే. పిల్లలకు మళ్ళీ సూది పడాలంటే తల్లులు మళ్ళీ రావాలి. మందు పాడైందని చెబితే ఎవరు వస్తారు? ఆరుసార్లు మెట్లెక్కించిన హనుమాయమ్మ వస్తుందా?

తిరిగి వస్తూ ఆటోలో అండాలమ్మ గొంతు తగ్గించి అంది. "మేడం, నేనొక్కటి చెప్త. సర్కారోళ్ళు కొత్తగ ఇంకో డోసు పెట్టిన్రని చెప్దాం. అందరు ఒస్తరు. పిల్లలకు సూది పడ్తది. మనకు గావాల్సింది గదే గదా. ఇంటి దొంగను ఈశ్వరుడు గూడ పట్టడంటరు."

యాదలక్ష్మి వద్దనలేదు. నిజం చెప్పాలంటే ఆ మాట ఆమెకు తీయగా తోచింది. అబద్ధమైతేనేం, పిల్లలు బాగుంటారు. మంగళవారమంతా గిన్నెలు తోముతూ, బట్టలు ఆరేస్తూ ఆ అబద్ధాన్ని మనసులో చదువుకుంది. "ఈ మధ్యనే ఆర్డర్ ఒచ్చిందమ్మా, ఎక్స్‌ట్రా డోసు." చదివినకొద్దీ నున్నగా వచ్చింది. మధ్యలో ఏడిళ్ళకూ వెళ్ళి, బాగున్నారా అన్నట్టు పిల్లల తొడలు తడిమి చూసింది. ఎక్కడా గడ్డలు లేవు. బుధవారం తప్పకుండా హాలుకు రండి, చిన్న పని ఉంది అని మాత్రం చెప్పింది. అంతవరకు అబద్ధం లేదు.

బుధవారం తొమ్మిదిన్నరకే హాలు నిండింది. ఇంత జనాన్ని ఆమె పల్స్ పోలియో రోజున తప్ప చూడలేదు. హనుమాయమ్మ అన్న మాట నిలబెట్టుకుంది. నలుగురు కాదు, ఐదుగురు కొత్త తల్లులను వెంటబెట్టుకొచ్చింది. అందరూ ఇన్నాళ్ళూ జ్వరానికి భయపడి దాక్కున్నవాళ్ళే. ఏడో నెల గర్భిణి అరుణశ్రీ కూడా మూలన కుర్చీలో కూర్చుని ఉంది. దిల్‌సుఖ్‌నగర్‌లో వాళ్ళాయనకు చీరల దుకాణం. శనివారం ఆమెకు వేసిన ధనుర్వాతం టీకా కూడా ఆ డబ్బాలోదే, అందుకని ఆమెను కూడా పిలిపించింది.

యాదలక్ష్మి గొంతు సవరించుకుంది. ఎక్స్‌ట్రా డోసు మాట నాలుక చివరకు వచ్చింది. అంతలో హనుమాయమ్మ లేచి వచ్చి, ఆమె కుడిచెయ్యి పట్టుకుని పైకెత్తి అందరికీ చూపించింది.

"ఇదిగో, ఈ చెయ్యే. చూడండి. ఈ చేత్తో వేస్తే పిల్లలకి జ్వరం రాదు. నా మనవరాలే సాక్ష్యం."

ఆ పట్టు మెత్తగా, వెచ్చగా ఉంది. వంటిల్లు ఏలిన ముసలి చెయ్యి. రెండున్నరేళ్ళ క్రితం చంటి తేలేసిన కళ్ళను చూస్తూ ఆ పిల్లవాడి తల పట్టుకున్నది ఈ చెయ్యే. యాదలక్ష్మి ఆ చేతిలోంచి తన చెయ్యి వెనక్కు తీసుకోలేకపోయింది. నున్నగా తయారైన అబద్ధం ఎక్కడికో పోయింది.

"పెద్దమ్మా, అమ్మలారా, జర ఇనుండ్రి" అంది. "శనివారం నేనేసిన మందు పాడయిన మందు. డబ్బాల గడ్డగట్టింది. చెక్ చేసుకోకుండ ఏసిన. తప్పు నాది. పిల్లలకు దాంతోని ఏ ప్రమాదం లేదు, కని ఏ ఫాయిదా గూడ లేదు. ఏసినా ఏయనట్టే. ఏడుగురికి, అరుణశ్రీకి మళ్ళ ఏయాలె. ఇంకో మాట. జ్వరానికి నా చేతికి ఏం సంబంధం లేదు. జ్వరం ఒస్తే సూది పనిచేస్తదని ఇన్నేండ్లు చెప్పిన, అది గూడ తప్పే."

ఎవరో ఫోను పైకెత్తి వీడియో తీయడం మొదలుపెట్టారు. అండాలమ్మ లేచి నిలబడింది. "ఐసు మార్చింది నేను. మేడం పేరు ఒక్కటే తీయకుండ్రి" అంది.

అరుణశ్రీ పొట్ట మీద చెయ్యి వేసుకుని లేచింది. "నేను బయట ప్రైవేటుల ఏపిచ్చుకుంట" అని వెళ్ళిపోయింది. కొత్తగా వచ్చిన ఐదుగురిలో నలుగురు ఆమె వెనకే. శనివారం తల్లుల్లో ఒకామె తిట్టింది, తిట్టవలసినంతా తిట్టి కూర్చుండిపోయింది. హనుమాయమ్మ ఏమీ అనలేదు. పట్టుకున్న చెయ్యి వదిలింది. కోడలి ఒళ్ళోంచి పిల్లను తీసుకుని, చెప్పులు వేసుకుని, మెట్లు దిగి వెళ్ళింది. మృదుల ఒకసారి వెనక్కు తిరిగి చూసి ఆమె వెంట నడిచింది.

ఆ మౌనం యాదలక్ష్మికి మెమో కంటే, తిట్ల కంటే ఎక్కువ తగిలింది. కూర్చుని ఏడవాలనిపించింది. ఏడవడానికి టైము లేదు. ఉన్నవాళ్ళు ఉన్నారు.

అండాలమ్మ డబ్బా తెరిచి ఒక ఐస్ ప్యాకు తీసింది. దాని ఒంటి నిండా చెమట. ముందు వరుసలో తల్లి చెవి దగ్గర పెట్టి ఊపింది. "ఇనబడ్తున్నదా బిడ్డా, నీళ్ళ సప్పుడు? గిట్ల ఇనబడాలె. ఇనబడకుంటే ఎవ్వలు సూది ఏసినా ఏపిచ్చుకోవద్దు." తర్వాత రెండో తల్లి చెవికి, మూడో తల్లి చెవికి. ఎవరూ ఆమెను చూసి నవ్వలేదు. తిట్టినామె ప్యాకును తన చేతికి తీసుకుని రెండుసార్లు ఊపి మరీ విన్నది.

మధ్యాహ్నానికి ఏడుగురిలో ఐదుగురికి మళ్ళీ సూది పడింది. ఆరో పిల్లవాడి తల్లి శనివారం వస్తానంది. ఏడో పిల్ల హన్విక. ఒంటిగంటన్నరకు సామాను సర్దుతుండగా గుమ్మంలో నీడ పడింది. హనుమాయమ్మ. చంకలో పిల్ల, వెనక గొడుగుతో మృదుల.

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఒక మాట అడుగుతాను, సరిగ్గా చెప్పు. నువ్వు చెప్పకపోతే మాకు తెలిసేదా?"

"తెల్వకపోవు పెద్దమ్మా."

"మరెందుకు చెప్పావు?"

"మీరు నా చెయ్యి పట్టుకున్నరు" అంది యాదలక్ష్మి.

హనుమాయమ్మ కాసేపు పిల్ల పాదాలు నిమిరింది. "ఈసారి జ్వరం వస్తుందా?"

"రావొచ్చు. రాకపోవచ్చు."

"ఫిట్స్?"

"ఈ వయసుల చాన తక్కువ. జ్వరం తగ్గేటి చుక్కల మందు ఎంత ఎయ్యాలెనో డాక్టరమ్మను అడిగి రాసి తెచ్చిన. పూచీ అని మాత్రం ఈసారి అనలేను. సాయంత్రం మీ ఇంటికొస్త. జ్వరం ఒచ్చినా రాకున్నా కూసుంట."

"రా మరి" అంది హనుమాయమ్మ. అండాలమ్మ ప్యాకు ఊపి వినిపించబోతే తల అడ్డంగా ఊపింది. "నాకొద్దు. ఆవిణ్ణి వినమను." యాదలక్ష్మి చెవి దగ్గర పెట్టుకుని విన్నది. నీళ్ళు గలగలమన్నాయి. సూది దిగింది. హన్విక హాలు ఎగిరిపోయేటట్టు ఏడ్చింది.

ఐదింటికి యాదలక్ష్మి ఆ మూడంతస్తులూ ఎక్కింది. ఐదున్నరకు పిల్ల ఒళ్ళు మామూలుగానే ఉంది. ఆరుంపావుకు నుదురు వెచ్చబడింది. చంటి వచ్చి చెల్లెలి బుగ్గ తాకి, "కాలుతోంది" అని వంటింట్లోకి పరుగెత్తాడు. ఆరున్నరకు థర్మామీటరు నూటొకటి చూపించింది. మృదుల చీటీలో రాసినన్ని చుక్కలు కొలిచి పోసింది. హనుమాయమ్మ పిల్ల కళ్ళనే చూస్తూ కూర్చుంది. ఆ కళ్ళు ఎటు తిరిగితే ఆవిడ కళ్ళు అటు తిరిగాయి. పెదవులు ఏదో స్తోత్రం చదువుతున్నాయి.

యాదలక్ష్మికి కూడా భయంగానే ఉంది. ఆదివారం తను జ్వరం కోసం మొక్కుకుంది. ఇప్పుడు అదే జ్వరం ఎదురుగా ఉంటే, ఆ మొక్కు ఈ పిల్లకు తగులుతుందేమో అనిపించింది. ఆవలిస్తూ పిల్ల కళ్ళు ఒక్క క్షణం పైకి తిరిగాయి. హనుమాయమ్మ చప్పున లేచింది. యాదలక్ష్మి పిల్ల చేతులు, కాళ్ళు, దవడ పట్టి చూసింది. "నిద్ర పెద్దమ్మా. నిద్రొస్తున్నది. గంతే" అంది. ఆవిడ మెల్లగా కూర్చుంది.

అప్పుడు హనుమాయమ్మ పిల్లను ఎత్తి తెచ్చి యాదలక్ష్మి ఒళ్ళో పెట్టింది.

"ఈ జ్వరం నీది. నువ్వే పట్టుకో."

యాదలక్ష్మి పట్టుకుంది. చీర లోంచి ఆ చిన్న ఒంటి వేడి పొట్టకు తగిలింది. జ్వరం రుజువు కాదని డాక్టరమ్మ చెప్పింది, తనూ ఇవాళ అందరి ముందూ చెప్పింది. తెలుసు. తెలిసినా కళ్ళలో నీళ్ళు ఆగలేదు. తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు, అందుకని కారనిచ్చింది.

ఏడున్నరకు పిల్లకు చెమట పట్టింది. ఎనిమిది కాకుండానే తొంభై తొమ్మిదికి దిగింది. యాదలక్ష్మి పిల్లను తల్లికి ఇచ్చి లేవబోయింది.

"ఎక్కడికి? పూర్తిగా తగ్గలేదుగా, కూర్చో" అంది హనుమాయమ్మ. "మృదులా, ఆవిడకి కంచం పెట్టు. పొద్దుట్నించీ ఏమీ తిన్నట్టు లేదు." తర్వాత పిల్ల టీకా కార్డు తెచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, వెలుతురుకు పట్టుకుని చూసింది. "రెండో డోసు మళ్ళీ నెలకేగా? ఆ రోజు సాయంత్రం కూడా ఏ పనీ పెట్టుకోకు."